మునిశామప్ప సిలిండర్

చాకవేలులో రోజూ తెల్లవారగానే చంద్రు చెట్లు కోసే మిషన్‌ను వాకిట్లో పెట్టి, కాలితో తొక్కిపట్టి తాడు లాగేవాడు. నాలుగైదు సార్లు దగ్గి అది నిలకడగా తిరగడం మొదలుపెట్టాక, అందులోంచి వాళ్ళ నాయన మునిశామప్ప గొంతు వచ్చేది.

"ఏమే! నీళ్ళు!"

మునిశామప్ప పోయి రెండేండ్లయింది. బతికినన్నాళ్ళూ ఆ మిషన్‌తోనే నీలగిరి తోపులు కోశాడు, గొంతు దాంట్లోనే ఉండిపోయింది. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. దారిన పోయేవాళ్ళు "ఏమప్పా, బాగుండావా?" అని మిషన్‌ను పలకరించి పోయేవాళ్ళు. నాయన వెంట ఉన్నట్టే చంద్రుకు ధైర్యంగా ఉండేది.

చంద్రు తల్లి మునిరత్నమ్మ మాత్రం ఆ కేక వినగానే చేతిలో పని వదిలేసి చెంబుతో నీళ్ళు తెచ్చి మిషన్ పక్కన పెట్టేది. ఆలస్యమైతే ఏమయ్యేదో ఆమె వీపుకు గుర్తుంది. మిషన్‌కు చేతులు లేవని తెలిసినా కాళ్ళు వాటంతటవే లేచేవి.

ఈ ఎండాకాలం మిషన్‌లో దమ్ము తగ్గింది. చింతామణిలో మిషన్లు బాగుచేసే మంజునాథ షాపుకు తీసుకుపోయారు. కంటి డాక్టరుకు చూపించుకోవాలని మునిరత్నమ్మ కూడా వెంట వచ్చింది. మంజునాథ మిషన్ విప్పి పిస్టన్ బయటికి తీశాడు. ఒక పక్కంతా గీతలు, రింగు అరిగి పలచబడింది.

"పిస్టను, రింగు మార్చాల్సిందే. అవి ఆడే సిలిండర్ మార్చేది మీ ఇష్టం," అన్నాడు. "గొంతు దాంట్లోనే ఉండాది. అది మారిస్తే ఆయప్ప ఉండడు."

"సిలిండర్ ముట్టద్దు," అన్నాడు చంద్రు. అంతలో తోట చూడ్డానికి రమ్మని ఎవరో ఫోన్ చేశారు. "అమ్మా, నువ్వు ఈడే కూర్చో. నాయన్ను చూసుకో," అని పోయాడు.

మంజునాథ సిలిండర్‌ను కడిగి, లోపల అంటుకున్న మరక గీకి, ఆమె ముందర పెట్టాడు. "వేలు పెట్టి చూడమ్మా. నున్నగా ఉండాది. ఇంకా పదేండ్లు వస్తాది."

మునిరత్నమ్మ వేలు పెట్టి తిప్పింది. గోరు ఎక్కడా తగల్లేదు. పదేండ్లు.

"కొత్తది ఉందా?"

"కంపెనీది ఉండాది, డూప్లికేట్ ఉండాది. డూప్లికేట్‌లో లోపలి పూత తొందరగా లేచిపోతాది."

"కంపెనీదే వెయ్యి. పాతది నా కండ్ల ముందరే పగలగొట్టు."

"మీ కొడుకు వద్దన్నాడు కదమ్మా?"

"నా కొడుకుకు నేను చెప్పుకుంటా."

మంజునాథ సుత్తి అందుకున్నాడు.

సిలిండర్ లోపల కూడా గీతలు పడినాయని, మార్చక తప్పలేదని కొడుక్కి అబద్ధం చెప్పింది. మరునాడు తెల్లవారి మిషన్ ఉత్త మిషన్‌లాగే మోగింది. చంద్రు చాలాసేపు దాన్ని ఆపకుండా వింటూ నిలబడ్డాడు. మునిరత్నమ్మ గడప మీద కూర్చుని కాఫీ చల్లారకముందే పూర్తిగా తాగింది.

వారం తిరక్కుండానే, సాయంత్రం పనినుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటూ చంద్రు అరిచాడు.

"ఏమే! నీళ్ళు!"

అచ్చం మునిశామప్ప గొంతు. అంతవరకు పెండ్లాన్ని పేరు పెట్టి తప్ప పిలవనివాడు. రూప చేతిలో చీపురు వదిలేసి పరుగెత్తింది. "నాయన యాడికీ పోలేదు, కొడుకులోనే ఉండాడు," అని పక్కింటివాళ్ళు సంతోషపడ్డారు.

ఇంకో రోజు రూప ఆలస్యం చేస్తే చెంబు గోడకు తగిలి సొట్ట పడింది. ఆ తర్వాత ఏమొస్తుందో మునిరత్నమ్మకు బాగా తెలుసు.

పొద్దున కొడుకు పనికి పోగానే కోడలి బట్టలు సంచిలో సర్దింది.

"నేనేం తప్పు చేసినా అత్తా?" అని ఏడ్చింది రూప.

"తప్పు నాది. బాగేపల్లికి, మీ అమ్మ దగ్గరికి పో. నేనొచ్చి పిలిచినా రావద్దు."

సాయంత్రం చంద్రు ఇల్లంతా వెతికాడు. "అది యాడ?" అని తల్లి మీదికొచ్చాడు. చెయ్యి లేచింది.

ఆమె తల వంచలేదు. "పంపించేసినా. మీ నాయన సిలిండర్ బాగుండగానే పగలగొట్టించినా. కొట్టు. ఈ ఇంట్లో ఇంక నేనొక్కదాన్నే ఉండాను."

చెయ్యి దిగింది. ఏదో అనబోయాడు. తన నోట్లోంచి ఎవరి గొంతు వస్తుందోనని భయం వేసినట్టుంది, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

రూప ఇప్పుడు బాగేపల్లిలో కుట్టుపనికి పోతుంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. చంద్రు చెవికి పెట్టుకుని వింటాడు. "మాట్లాడు" అంటుంది రూప. వాడు మాట్లాడడు.