వీరగల్లు మీద మూడు అక్షరాలు

ఉపన్యాసం నాలుగు గంటలకు. మూడు దాటినప్పటి నుంచే లాల్ అహమ్మద్ మ్యూజియం వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. మ్యూజియం చూసుకునే ఉమాదేవి రెండుసార్లు కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాడు, వెంటనే లేచాడు.

ఆయన మడకశిర రూట్లో ఇరవై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. దారి పక్క రాళ్ల మీద ఏముందో తెలుసుకోవాలని పట్టుబట్టి పాత కన్నడ లిపి నేర్చుకున్నాడు. రిటైరయ్యాక ప్రతి రెండో శనివారం ఇక్కడ స్థానిక చరిత్ర చెబుతున్నాడు.

మ్యూజియం నడిమి గదిలో పోరులో చచ్చిన వీరుడి గుర్తుగా నిలిపిన నడుమెత్తు రాయి, వీరగల్లు ఉంది. కత్తి పట్టిన మనిషి, అతని కాళ్ల దగ్గర ఆవులు, కింద నాలుగు వరుసల రాత. దొంగలు తోలుకుపోయిన ఆవులను మళ్ళించి ఈ వీరుడు ప్రాణం విడిచాడని తొమ్మిదేళ్లుగా చెబుతున్నది లాల్ అహమ్మదే. రాయి దొరికిన పల్లెవాళ్లు ఆ మాట విని వీరుణ్ణి తమ తాతగా చేసుకున్నారు. ఏటా జాతరలో ఆ కథ చెప్పుకుంటారు. ఈ రోజు ముప్పై మంది దాకా అది వినడానికే వస్తున్నారు.

కానీ పొద్దున ఉమాదేవి కిటికీలు మూసి, రాయి పక్క నుంచి వెలుతురు వేసి ఫోటోలు తీసింది. మూడో వరుసలో అరిగిపోయిన మూడు అక్షరాలు తేటగా కనబడ్డాయి. 'మళ్ళించి' అని ఆయన చదివిన చోట ఉన్నది 'దోచి' అనే అర్థమిచ్చే మాట. వీరుడు, రాతలో పేరున్న పొరుగూరి మీద పడి ఆవులను తోలుకొస్తూ చచ్చాడు.

"ఈ నెల్లో వేరేది చెప్పన్నా. పెన్న గురించి చెప్పు. దీన్ని నింపాదిగా చూస్తాం" అంది ఉమాదేవి.

"వాళ్లు దీనికోసరమే వస్తాండారు."

"అందుకే అంటాండా."

ఆయన గేటు దాకా పోయి రోడ్డు చూసి వచ్చాడు. జూన్ సగమైనా చినుకు లేదు. గాలికి దుమ్ము లేస్తోంది.

మినీ లారీ వచ్చి ఆగింది. ముందు దిగినవాడు ఓబుళేసు, రాయి దొరికిన పల్లెలో గొర్రెల మంద ఉన్న పెద్దమనిషి. చేతిలో బంతిపూల దండ. వెనకే అతని తల్లి భద్రమ్మ కర్ర ఊతంతో దిగింది.

"భాయ్, ఈ దినం గట్టిగా చెప్పల్ల. మావోళ్లు ఫోన్లలో వీడియో పట్టుకుంటాండారు" అన్నాడు ఓబుళేసు.

లాల్ అహమ్మద్ మొదలుపెట్టాడు. పాత దారుల గురించి, సంతల గురించి చెప్పాడు. మధ్యలో మూడుసార్లు నీళ్లు తాగాడు. రాయి సంగతి తప్ప చెప్పేది ఇంక మిగల్లేదు.

"నేను తొమ్మిదేండ్లు తప్పు చదివినా" అన్నాడు. "ఈయప్ప ఆవుల్ని కాపాడలేదు. పక్కూరి ఆవుల్ని తోలుకొస్తా సచ్చిపోయినాడు. తప్పు నాది."

ఓబుళేసు లేచాడు.

"అంటే మా తాత దొంగనా?"

"ఆ కాలంలో ఊరి మీద ఊరు పడేది..." అని ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. తన మాట తనకే నచ్చక ఆగిపోయాడు. వెనక వరుసలో కుర్చీలు కదిలాయి. నలుగురైదుగురు బయటికి వెళ్లిపోయారు.

అప్పుడు భద్రమ్మ కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది.

"గంజి కరువొచ్చి ఊరూరా గంజి పోసేటప్పుడు నాకు ఆరేండ్లు. మా నాయన ఒగ రేత్రి రెండు గొర్రెల్ని పట్టుకొచ్చినాడు. మావి కాదు. అందరం తిన్న్యాము. నాతో పుట్టినోళ్లు దాంతోనే బతికినారు. ఈ పొద్దుటి దాకా ఎవురికీ చెప్పలేదు."

ఓబుళేసు తల్లి వైపు తిరిగాడు. అతనికి ఇది తెలియదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. దండ రాయికి వేయలేదు, కింద పెట్టలేదు. దాన్ని చేత్తో పట్టుకునే తల్లిని లారీ ఎక్కించాడు.

నాలుగు రోజులు లాల్ అహమ్మద్‌కు అన్నం సయించలేదు. చెప్పకుండా ఉండాల్సిందా అని భార్య నూర్జాన్‌ను అడిగాడు. "చెప్పకుండా ఉండింటే ఆ బాధతో ఈడ ఇంట్లో నెమ్మదిగా ఉండనిస్తివా నన్ను?" అందామె.

ఐదో రోజు ఓబుళేసు ఫోను చేశాడు.

"భాయ్, రాయిలో ఉండే ఆ పక్కూరు ఇప్పుడు ఉండాదా?"

"ఉండాది. మీకు నాలుగు మైళ్లు."

"ఆవులకోసరం మా మనిషిని సంపినోడు గూడా ఆ కొట్లాటలోనే సచ్చింటాడేమో. వానికి ఆడ రాయి ఉంటాదా?"

"తెల్దప్పా. నేనెప్పుడూ పోయి చూడలేదు."

అవతల గొర్రెల అరుపులు వినబడుతున్నాయి.

"రేపు మొదటి బస్సుకు రా. చూసొద్దాం. అమ్మ గూడా వస్తానంటాంది."