గౌరవ సభ్యురాలిని ఎక్కించుకోని వ్యాను

ఇటుక బట్టీ కూలీల పిల్లల బడి మూతపడడానికి, ఒక తరగతి హాజరు పిలిచినంత సేపు కూడా పట్టలేదు. అదీ టీచరమ్మ కళ్ళెదుటే, ఆమె శాసనసభలో ఉండగానే! నలభైమంది లోపు పిల్లలున్న బడులు ఎత్తేసి, ఆ స్థలాలు కౌలుకివ్వాలని బిల్లు. ఆమె బడిలో ముప్పైఎనిమిది మంది. ఆ స్థలంమీద బట్టీ కాంట్రాక్టరు ఎప్పుడో కన్నేశాడు. బడి పోతే పిల్లలెక్కడికి పోతారు? మట్టి తొక్కడానికి పోతారు.

ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. బట్టీల వాళ్ళు కాళ్ళరిగేలా తిరిగి గెలిపించుకున్నారు. ఆవిడేమో రెండు కాగితాల నిండా రాసుకొచ్చి, వెనక వరసలో లేచి చెయ్యెత్తింది. ఎత్తి, పిలుస్తారని ఆగింది. జీవితమంతా పిల్లలకు చెప్పిన పద్ధతి అదే మరి! సభాపతి తలెత్తలేదు. "అనుకూలం?" అన్నాడు. గోల. "వ్యతిరేకం?" అన్నాడు. జవాబు కోసం ఆగనైనా ఆగలేదు. బిల్లు గెలిచింది. ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

పక్క సీటు పెద్దాయన జాలిపడ్డాడు. "ఇక్కడ చెయ్యెత్తితే ఎవరు చూస్తారమ్మా? అరవాలి. బల్ల గుద్దాలి."

"ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా!"

"ఇంత అమాయకురాలివని నాకేం తెలుసు?"

మర్నాడు సాయంత్రం బడి వరండాలో బట్టీ జనమంతా చేరారు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇటుకలు మోసే ఆడమనిషి అంతెత్తున లేచింది. గొంతు పెద్దదని ఆమెను గంటక్క అంటారు.

"మా నోళ్ళన్నీ నీకిచ్చి పంపించాం టీచరమ్మా! నువ్వేమో నోరు మూసుకుని నిలబడ్డావా?"

"తప్పయింది గంటక్కా."

"చెరిపి మళ్ళీ రాయడానికి ఇదేమన్నా పలకా?"

"ఆమెనంటే ఏమొస్తుందే?" అన్నాడు మట్టి కలిపే ముసలాయన. "అరిస్తే మాత్రం ఆపేవాళ్ళా? అక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి బట్టీలున్నాయి."

అరిచినా ఇంతేనన్నమాట! తన తప్పుకన్నా ఆ మాటే టీచరమ్మను ఎక్కువ కుంగదీసింది.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"వాళ్ళొచ్చిన రోజు నువ్వూ వచ్చి మాతో కూర్చో," అంది గంటక్క. "మిగతాది మేం చూసుకుంటాం."

వారం తిరక్కుండానే బుల్‌డోజరు వచ్చింది, దాని వెనక పోలీసు వ్యాన్లు. జనం గుమ్మంలో బైఠాయించారు. ఇన్‌స్పెక్టరు కాగితం తీసి ఆమెకే చూపించాడు. "మీ సభ చేసిన చట్టమే మేడమ్." ఆమెకు తల కొట్టేసినట్టయింది. లాఠీలు లేచాయి. గంటక్కను జుట్టు పట్టి ఈడ్చారు. ముసలాయన్ని ఎత్తి వ్యాన్లో పడేశారు. బడి గోడ ఒక్క తోపుకే కూలింది.

ఆమె పరిగెత్తి వ్యాను తలుపు పట్టుకుంది. "నన్నూ ఎక్కించండి!"

"మీరు గౌరవ సభ్యులు. మిమ్మల్ని తాకితే నా ఉద్యోగం పోతుంది మేడమ్."

"తాకొద్దు! నేనే ఎక్కుతాను!"

ఇద్దరు ఆడ పోలీసులు అడ్డం నిలబడ్డారు, ఎంతో మర్యాదగా. దెబ్బలు తిన్నవాళ్ళు లోపల, ఓట్లు తిన్న తను బయట. పిల్లలందరూ చూస్తుండగా ఆమె బావురుమంది.

"ఏడవకు టీచరమ్మా!" కిటికీ ఊచల్లోంచి గంటక్క అరిచింది. "పొద్దుటినుంచి బట్టీలో బొగ్గెయ్యలేదు!"

ఒకసారి అంటించాక బట్టీ మంట ఆగకూడదు. ఆగితే లోపలి లక్ష ఇటుకా సగం కాలి ఎందుకూ పనికిరాదు. కాంట్రాక్టరు పక్క బట్టీల కూలీల కోసం పరుగు తీశాడు. వాళ్ళే ఎదురొస్తున్నారు, ఆడా మగా, పారలు అక్కడే పారేసి. వచ్చి కూలిన గోడ ముందు కూర్చున్నారు. బతిమాలినా, బెదిరించినా ఒక్కరూ కదల్లేదు.

"మేడమ్, మీరైనా చెప్పండి! మీ మాటైతే వింటారు!" కాంట్రాక్టరు చేతులు జోడించాడు.

ఆమె ముఖం తుడుచుకుంది.

"నేను ఉత్త ఎమ్మెల్యేనయ్యా. నావల్ల ఏమవుతుంది?" అని, వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది.