బల్లకి వాల్చిన కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. నన్ను అల్లినవాడు జైల్లో ఖైదీ. మనిషిని చంపి వచ్చాడట. అయినా నా పేమును నీళ్లలో నానబెట్టి, విరక్కుండా మెల్లిగా వంచాడు. అంత మర్యాద మళ్లీ నాకు దక్కలేదు.

వేలంలో కాలవ పక్క ఆఫీసర్ల క్లబ్బుకి వచ్చిపడ్డాను. అక్కడ అందరూ రిటైరైనవాళ్లే. ఉద్యోగాలు పోయాయి, పిలుపులు మాత్రం పోలేదు. ఒకాయన తాసీల్దారు గారు, ఒకాయన డాక్టరు గారు. నా ఎదుట కూర్చునే విరూపాక్షరావు ఇంజినీరు గారు.

రావలసిన మనిషి కోసం కుర్చీని ముందుకు వంచి బల్లకి ఆనించడం ఆ క్లబ్బు పద్ధతి. ఇక అందులో వేరేవాళ్లు కూర్చోకూడదు. పోస్టాఫీసు గుమాస్తాగా చేసి దిగిపోయిన గవరయ్య కొత్తగా సభ్యుడయ్యాడు. అతను పేకాట దగ్గరికి రావడం చూస్తే చాలు, విరూపాక్షరావు నన్ను వాల్చేసేవాడు.

"మనిషొస్తాడు గవరయ్యా."

"ఎవరండీ?"

"వస్తే నీకే తెలుస్తుందిలే."

"ముద్రలు కొట్టిన చెయ్యి కదా, ముక్కలకి సిరా అంటుతుంది" అని తాసీల్దారు నవ్వేవాడు.

ఎవడూ వచ్చేవాడు కాదు. గవరయ్య వరండాలో కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు.

తర్వాత డాక్టరు పోయాడు. తాసీల్దారు మంచం పట్టాడు. ఇంజినీరు గారి అరుపులు పడలేక ఇంట్లో పనిమనిషి కూడా మానేసింది. క్లబ్బులో ఆయన ఒక్కడే ముక్కలు కలుపుతాడు, పంచుతాడు, మళ్లీ కలుపుతాడు. గేటు చప్పుడైతే మెడ సాచి చూస్తాడు.

ఒక సాయంత్రం గవరయ్య వచ్చాడు. విరూపాక్షరావు గబగబా లేచి కండువాతో నన్ను దులిపాడు.

"కూర్చోవయ్యా. ఓ ఆట వేద్దాం."

గవరయ్య అంచున కూర్చున్నాడు. "నాకు పేకాట రాదండీ."

"మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చేవాడివి?"

"మా ఆవిడ పోయాక ఇంట్లో మాట వినపడట్లేదండి. నలుగురి మధ్యా కూర్చుందావని."

అప్పుడు ఒక్క మంచి మాట అనుంటే చాలు, ఆ మనిషి ఇక రోజూ వచ్చి కూర్చునేవాడు. కానీ ఇంజినీరు గారు గొంతు సవరించుకున్నాడు.

"కాలవ మీద వంతెన కట్టించింది నేనే, తెలుసా నీకు?"

"తెలుసండీ. వరండాలోకి రోజూ వినపడేది."

గవరయ్య లేచి, దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నౌకరు అప్పన్న చీపురు పట్టుకొచ్చాడు. "తలుపులేసేత్తానండీ, ఇంటికెళ్లండి."

"ఇంట్లో ఎవరున్నార్రా?"

అప్పన్న వంగి ఊడవడం మొదలుపెట్టాడు. నాకు జాలి వేయలేదు. చీపురు దగ్గరికి రాగానే ఇంజినీరు గారు లేవకుండా కాళ్లు రెండూ పైకెత్తుకుని కూర్చున్నాడు.