పురికొస మీద ముడులు

నర్సు హూర్నిసా పొగాకు పందిట్లోకి మొదటిసారి వచ్చిన రోజున ఆమె చేతిలో ఒక నోటుపుస్తకం, పెన్ను ఉన్నాయి. అవి కంటబడగానే ఆకు గుచ్చుతున్న ఆడవాళ్ళంతా దబ్బనాలు కింద పెట్టి, ఆరడానికి వేలాడదీసిన ఆకు తోరణాల వెనక్కు తప్పుకున్నారు. బురుల్ మాత్రం లేవలేకపోయింది. పొద్దుటి నుంచి పీట మీదే కూర్చోవడంతో కాళ్ళు తిమ్మిరెక్కాయి.

వాళ్ళంతా కొండల అవతలి కిర్గిజ్ ఊళ్ళ నుంచి ఈ కజఖ్ పొలాలకు పనికి వచ్చినవాళ్ళు. పాస్‌పోర్టులు ఆసామి బీరువాలో ఉన్నాయి. దేశంలో ఉండటానికిచ్చిన గడువు వసంతంలోనే దాటిపోయింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణి కార్డు రాయాలంటే ఆ ఊళ్ళో నివాసమున్నట్టు కాగితం చూపించాలి. ఆ కాగితం ఒక్కరి దగ్గరా లేదు. పేరు ఎక్కడ రాసినా అది చివరికి పోలీసుల దగ్గరకే చేరుతుందని వాళ్ళ భయం.

హూర్నిసా ఖాళీ పీటల వంక చూసింది. పుస్తకం సంచిలో పెట్టేసింది.

"నీ పేరు అడగను," అంది బురుల్‌తో. "ఎన్నో నెల?"

"నెలా లేదు, ఏమీ లేదు," అని తోరణం వెనక నుంచి జవాబు వచ్చింది. అది బురుల్ అత్త సోనున్ గొంతు. "పచ్చాకు తల తిప్పుతోంది, అంతే."

"ఆకు తల తిప్పుతుంది వదినా. పొట్ట పెంచదు."

ఆకుల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పోయినేడు కూడా వాంతులైతే పచ్చాకు వల్లే అనుకున్నారు. బురుల్ కూడా అలాగే అనుకుంది. ఆరో నెలలో ఒక మధ్యాహ్నం ఈ పందిట్లోనే అంతా అయిపోయింది. కాలవ గట్టున బిడ్డను పూడ్చిన మూడో చెట్టు వైపు బురుల్ ఈ ఏడు ఇంతవరకూ వెళ్ళలేదు.

"అయిదు," అంది బురుల్.

హూర్నిసా కింద పడి ఉన్న తోరణాల పురికొసలో ఒక మూర తెంపింది. ఒక కొసన పెద్ద ముడి వేసి, దాన్ని బురుల్ పొత్తికడుపు కింద ఎముక దగ్గర ఆనించి, పొట్ట మీదుగా పైకి లాగింది. వేళ్ళతో తడిమి, గర్భం ఎక్కడిదాకా ఉందో చూసుకుని, అక్కడ రెండో ముడి వేసింది.

"ఇదే నీ కార్డు. పదిహేను రోజులకోసారి వస్తాను. వచ్చినప్పుడల్లా ఒక ముడి పడాలి. ముడికీ ముడికీ మధ్య బొటనవేలంత ఎడం ఉండాలి. ఇందులో నీ పేరుండదు, నా పేరుండదు."

"నా మనవడికి చొక్కా కుట్టిస్తున్నావా ఏం, కొలతలు తీస్తున్నావు?" అంది సోనున్, ఇవతలికి వస్తూ.

"కుట్టిస్తాను. ముందు ఎంతున్నాడో చూడనీ."

"నేను తొమ్మిది మందిని కన్నాను. ఏ నర్సమ్మా తాడు పట్టుకుని రాలేదు."

"ఎందరున్నారు వదినా?"

సోనున్ దబ్బనం అందుకుంది. "నలుగురు," అంది ఆకు గుచ్చుతూ.

హూర్నిసా ఆమె పక్కకు జరిగింది. సంచిలోంచి తందూరు రొట్టె తీసి తుంచి, మొదటి ముక్క సోనున్ చేతిలోనే పెట్టింది.

హూర్నిసాకు అరవై దాటాయి. మోకాళ్ళు బాగా లేవు. ఆరోగ్య కేంద్రంలో పని ముగించుకుని, రబ్బరు జోళ్ళతో కాలవ గట్టు పట్టుకుని మూడు మైళ్ళు నడిచి వచ్చేది. ఈ పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేస్తున్నానని ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు. జూలై గడిచేసరికి పందిట్లో మరో ముగ్గురు గర్భిణులు తమ పురికొసలు తెచ్చి చూపించారు. ఏ తాడు ఎవరిదో ఆమె ముడులు తడిమి చెప్పేసేది. "నీది బాగుంది. నువ్వు మాత్రం ఎండలో బస్తాలు మొయ్యకు. నేను చెప్పానని మీ ఆయనకు చెప్పు. వినకపోతే వచ్చేవారం అతని నడుం కొలుస్తాను."

పోయినేటి సంగతి బురుల్ ఒకసారి ముడి వేయించుకుంటూ నర్సుకు చెప్పింది. తన తాడును తలగుడ్డ కొంగున కట్టుకునేది. పడుకునే ముందు ముడులు తడుముకునేది. జూలైలో రెండు, ఆగస్టు మొదట్లో ఒకటి పడ్డాయి. మూడూ బొటనవేలంత ఎడంలోనే ఉన్నాయి. ఆగస్టు ఆఖరున వేసిన ముడి మాత్రం ముందుదానికి మరీ దగ్గరగా పడింది. హూర్నిసా రెండుసార్లు కొలిచి చూసింది. "ఈసారి వారానికే వస్తాను," అంది.

ఆ వారమంతా సోనున్ కళ్ళు ఆ తాడు మీదే ఉన్నాయి. కొలిచిన బిడ్డ ఎదగదని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. ఒకరోజు కోడలు తలగుడ్డ ఉతికి ఆరేసినప్పుడు ఆ తాడును విప్పి, దబ్బనానికి ఎక్కించి, ఆకు గుచ్చేసింది. వందల తోరణాల మధ్య దాన్ని వేలాడదీసింది.

హూర్నిసా వచ్చేసరికి బురుల్ ముఖం ఉబ్బి ఉంది. ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. బీపీ చూసి హూర్నిసా ఆమె చేతికి చుట్టిన పట్టీ వెంటనే విప్పలేదు. మరోసారి చూసింది.

"తాడేదమ్మా?"

"నిన్నటి నుంచీ కనబడటం లేదు పెద్దమ్మా."

"నేనే తీశాను," అంది సోనున్. "నువ్వు కొలవబట్టే నా మనవడి ఎదుగుదల ఆగిపోయింది. ఇక ముడులొద్దు, ఏమొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కణ్ణించి బండెక్కించి సరిహద్దు దాటిస్తారు. దారిలో కంటే పురుడు ఎవరు పోస్తారు?"

హూర్నిసా కోప్పడలేదు. సోనున్ పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"పోయినేడు ఎవరూ కొలవలేదు కదా వదినా," అంది నెమ్మదిగా.

సోనున్ తన చేతుల వంక చూసుకుంది. అవి ఆకు జిగురుతో నల్లబడి ఉన్నాయి. తర్వాత లేచి, పీటెక్కి, వరసలో ఒక తోరణం దించింది. అది కాదు. రెండోది దించింది. నాలుగో తోరణంలో ఆకులు ఒకచోట కదలకుండా పట్టేశాయి. అక్కడ ముడి ఉంది. ఆమె ఒక్కొక్క ఆకూ చించి పారేసి తాడు బయటికి లాగింది.

"నేనూ వస్తాను," అంది.

హూర్నిసా ఆ పీట మీదనుంచే అంబులెన్సుకు ఫోను చేసింది. పట్నం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బురుల్ వంక చూడకముందే చెయ్యి చాచాడు.

"కార్డు?"

హూర్నిసా బల్ల మీద పురికొస పరిచి, దాని పక్కన కొలతటేపు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"ఇది జూన్ ఆఖరు. ఇది జూలై పది. ఇది జూలై ఇరవై అయిదు. ఇది ఆగస్టు పది. ఇక్కడిదాకా సరిగ్గా పెరిగింది. ఈ చివరి రెంటి మధ్య ఎడం చూడు బాబూ. బీపీ నూట డెబ్భై. కాగితాలు లేవు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాగితాలు అడగకూడదని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

డాక్టరు తాడు మీదికి వంగాడు. వేలితో ఒక్కొక్క ముడీ తాకుతూ చివరిదాకా వెళ్ళాడు. పొగాకు వాసన వస్తోందని అనలేదు. చక్రాల మంచం తెమ్మని కేకేసి, కొత్త కార్డు ముందుకు లాక్కున్నాడు.

"పేరు?"

బురుల్ అత్త వంక చూసింది. సోనున్ తల ఊపింది.

"బురుల్," అంది, డాక్టరుకు వినబడేలా.

"బురులా," అంది హూర్నిసా. "బాగుంది."

పదకొండు రోజులు గర్భాన్ని మందులతో నిలబెట్టి, పన్నెండో రోజున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పదహారు వందల గ్రాములు. వెచ్చగా ఉంచే గాజుపెట్టెలో పెట్టారు. ఏడ్చిందని బురుల్‌కు చెప్పారు. ఆమె నమ్మలేదు. తనను తీసుకెళ్ళి వినిపించాక నమ్మింది.

బిడ్డ పుట్టిన మూడో రోజున హూర్నిసా వచ్చింది. గాజుపెట్టె గదిలోకి తల్లిని, నర్సులను తప్ప ఎవరినీ రానివ్వరు. సోనున్ గుమ్మంలో నిలబడి ఉంది. నర్సు కనబడగానే కొంగులోంచి పురికొస తీసి చాచింది.

"లోపలికి నిన్ను రానిస్తారుగా. వెళ్ళి కొలిచి రా. తల నుంచి పాదాల దాకా. ఒక ముడి వెయ్యి."

"కొలిస్తే ఎదగదు కదా వదినా."

"నీ నోట్లో..." అని ఆపేసింది సోనున్. "ఎదుగుతుంది. నడక వచ్చిన రోజు ఈ తాడే కాళ్ళకు కడతాను. మా వైపు, బిడ్డ బాగా నడవాలని, అలా కట్టిన తాడును చురుగ్గా నడిచే మనిషి చేత కోయిస్తారు. నువ్వు రావాలి."

"కొండలు దాటి రావాలి. ఈ మోకాళ్ళకు అంత దూరం చేతకాదు."

"రబ్బరు జోళ్ళు వేసుకుని రా," అంది సోనున్.

హూర్నిసా తాడు అందుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.