టిక్‌టాక్‌లో ఉన్న గొంతు

మా అత్తయ్య సంపూర్ణమ్మకి కొడుకు గొంతు వినాలని ఉంది. అంతే, ఇంకేం అక్కర్లేదు. నీటికాసులతో ఆవిడకి రెండు కళ్ళూ పోయాయి, ఇక ఫొటో చూపించి ఏం లాభం? రోజూ అదే గోల. నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చేది.

మా ఆయన పవన్‌కుమార్ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. ఆస్పత్రిలో ఆయన ఫోను ఏమైందో ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాది బటన్ ఫోను. పెళ్ళి వీడియో ఉందిగా అంటారు అందరూ. ఉంది, దాన్నిండా సినిమా పాటలే. తాళి కట్టేటప్పుడు కూడా ఒక్కరి మాటా వినపడదు.

ఇక మిగిలింది టిక్‌టాక్. ఆయన కంకిపాడు నుంచి కూరగాయల లోడు తెస్తూ కాలవ గట్టున ఆటో ఆపి, సినిమా డైలాగులతో వీడియోలు చేసేవాడు. ఇంట్లోనూ అవే డైలాగులు. కంచం ముందు కూర్చున్నా ఆగేవాడు కాదు. అత్తయ్య పడీపడీ నవ్వేది, నేను కసిరేదాన్ని. తర్వాత చైనాతో గొడవని గవర్నమెంటు ఆ యాప్ ఆపేసింది. తెరుస్తారులే, ఎన్నాళ్ళు మూస్తారు అనేవాడు పాపం. ఆయనే పోయాడు.

పటమటలో సెల్ షాపతను ఏదో వీపీఎన్ వేసి చూశాడు, రాలేదు. వీడియోలు ఎక్కడికీ పోవు మేడమ్, మనకి కనపడవంతే అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పడం నాదే బుద్ధితక్కువ. అత్తయ్య దాన్ని పట్టుకుంది. మా వాడి గొంతు ఉంది, గవర్నమెంటు వాళ్ళు తాళం వేశారు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కొన్నాళ్ళకి నాకు విసుగు రావడం కూడా మానేసింది. నేను పనిచేసే బట్టల షాపుకెళ్ళి చీరలు మడతపెట్టడం, వచ్చి వండటం, పడుకోవడం. ఏడుపన్నా వస్తే బావుండుననిపించేది. వచ్చేది కాదు.

ఈ ఏడు గుణదల తిరునాళ్ళకి, మా పై వాటా తెరేసమ్మగారి కూతురు జెస్సికా కువైట్ నుంచి వచ్చింది. అక్కడ టిక్‌టాక్ బ్రహ్మాండంగా వస్తుందట. తిరిగి వెళ్ళగానే వెతికి వాట్సాప్‌లో పంపుతానక్కా అంది. అన్నట్టే పంపింది.

సంగతి చెప్పగానే అత్తయ్య తల దువ్వించుకుంది, ఉతికిన చీర కట్టించుకుంది. ఫోను ఆవిడ చేతికిచ్చి మొదటి వీడియో నొక్కాను. కాలవ గట్టు, ఆటో, కాలరెగరేసి ఆయన. ఎంత బావున్నాడో. చాలా ఏళ్ళకి నా గుండె దడదడలాడింది.

అత్తయ్య ఫోను చెవికి ఆనించుకుని విన్నది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎవరే ఇతను?" అంది.

"మీ అబ్బాయే అత్తయ్యా."

"కాదు. ఇది సినిమా అతను. మనవాడేడీ?"

ఇంకోటి పెట్టాను. ఆ తర్వాతది పెట్టాను. ఒకదాంట్లో హీరో గొంతు, ఒకదాంట్లో విలన్, ఒకదాంట్లో ఏకంగా హీరోయిన్. ఆయన పెదాలు కదిపాడంతే. టిక్‌టాక్ అంటే అదేనని నాకు తెలీదా? తెలుసు. కానీ ఇంట్లో సొంత గొంతుతో చెప్పినవీ, ఫోన్లో చేసినవీ ఇన్నేళ్ళలో నాకు కలగాపులగం అయిపోయాయి. ఆయన గొంతు అందులో ఎప్పుడూ లేదు. ఎలా ఉండేదో గుర్తుచేసుకుందామని చూశాను, సినిమావాళ్ళ గొంతులే వచ్చాయి.

అత్తయ్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఫోను నా వైపు చాపింది.

"పోనీ, వాడేం చేస్తున్నాడో చూసి చెప్పు."

సౌండు తీసేసి మళ్ళీ మొదటిది పెట్టాను.

"నోరు ఆడిస్తున్నాడు అత్తయ్యా" అన్నాను.

"ఊఁ" అంది. "చెప్తూ ఉండు."