తిరగని చోట గ్రీజు

ఆ పొద్దున ఆకాశం కురుస్తానంటూ కురవకుండా, ఉక్కు ప్లాంటు వైపు ఎర్రగా, ఇళ్ల వైపు బూడిదరంగుగా నానుతూ ఉంది. క్యాంప్ 2లో తన ఇంటి గుమ్మంలో కూర్చున్న అప్పలసూరి కళ్లు మబ్బు మీద ఉన్నాయి గానీ, చెవులు లోపలి గదిలో ఉన్నాయి. అక్కడ కోడలు చాందిని కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. హథ్‌ఖోజ్‌లో ఒక వర్క్‌షాపుకు ఇనుప చట్రాల డ్రాయింగులు ఇంటినుంచే గీసి పంపడం ఆమె పని. ఈ డ్రాయింగు మధ్యాహ్నం రెండింటికల్లా అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

లోపల కంప్యూటరు ఫ్యాను చప్పుడు టక్కున ఆగిపోయింది.

"ఫిర్ సే బంద్ అయిపోయింది అత్తయ్యా!" ఎప్పటిలాగే హిందీ కలిసిన తెలుగులో అరిచింది చాందిని.

అప్పలసూరి తల వంచుకున్నాడు. రోలింగు మిల్లులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. ఆదివారం వస్తే మిక్సీ, కుట్టుమిషను, పంకా, ఇంట్లో తిరిగేదల్లా విప్పి తుడిచి బిగించాల్సిందే. మొన్న ఆదివారం చాందిని దుర్గ్‌లో పుట్టింటికి వెళ్లినప్పుడు కంప్యూటరు వంతు వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి గోపాలస్వామి చాయ్ గ్లాసుతో సహా వచ్చాడు. ఫోన్లో కొత్త యంత్రాల వార్తలు చూడందే ఆయనకు తెల్లారదు.

"ర్యామ్ పోనాది బావా. నాను ఆనాడే కొనీమన్నాను. ఇప్పుడు ఏఐ కంపెనీలోళ్లు ఉన్నదంతా ఊడ్సుకుపోతన్నారు. రేటు సూస్తే బంగారం కొట్టు గుర్తొస్తాది."

"మీ ఫోన్ గ్లాసు పగిలి ఏడాదైంది అంకుల్, పహ్లే అది మార్చండి" అంది చాందిని లోపల్నుంచి.

"గ్లాసు పగిలితే వార్త పగుల్తాదేటమ్మా? కొన్నాళ్లాగితే కంప్యూటరే అక్కర్లేదంట. కళ్లద్దాల్లోనే బొమ్మ అగుపిస్తాదంట."

"ఆ అద్దాలెట్టుకుని ముందు నీ సెప్పులేవో సూసుకో తమ్ముడా. నిన్న మా ఆయనవి ఏసుకెల్లిపోనావు" అంది అప్పలసూరి భార్య గున్నమ్మ.

చాందిని నవ్వలేదు. "మదర్‌బోర్డే పోయిందేమో. రహనే దో, పోనీండి అత్తయ్యా, ఈ పని వదిలేస్తాను."

ఆ మాట అప్పలసూరికి గుచ్చుకుంది. లేచి లోపలికి వెళ్లి కంప్యూటరు పెట్టె పక్క రేకు ఊడదీశాడు.

"మళ్లీ ఆన్ సెయ్యమ్మా."

కాసేపటికి అది ఆగిపోయింది. ప్లగ్గు పీకి, మిల్లులో బేరింగు వేడిని చూసే పద్ధతిలో చేతి వెనకభాగం ఆనించాడు. ఫ్యాను కింది రేకులు చల్లగా ఉన్నాయి. వాటి కింద చిప్పు పక్కన వేలు చుర్రుమంది. వేడి పుడుతోంది గానీ పైకి ఎక్కడం లేదు.

"నానే సేసినానమ్మా" అన్నాడు. "ఆదివారం ఇప్పినాను. సిప్పుకీ ఈ రేకులకీ మద్దిన తెల్లగా ఎండిన గ్రీజుంది. తిరిగే కాడ గ్రీజు గానీ తిరగని కాడ ఏటికని గుడ్డెట్టి తుడిసీసినాను. అది తిరగడానికి కాదు, వేడిని పైకి లాగడానికి."

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా అనడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. చాందిని ఫోన్లో వెతికింది.

"థర్మల్ పేస్ట్ మావయ్యా. చిన్న ట్యూబు. ఇంత దానికి మూడ్రోజులు కడుపులో పెట్టుకున్నారా?"

"బోర్డు కాల్సీసినానేమో అనుకున్నాను."

"ర్యామ్ కాదని నాకు ముందే అనుమానం" అన్నాడు గోపాలస్వామి.

"స్కూటరు తియ్యి" అన్నాడు అప్పలసూరి.

సుపేలా బజారు నుంచి ట్యూబు వచ్చేసరికి పదకొండైంది. బియ్యపు గింజంత వెయ్యాలని చాందిని చదివితే, గున్నమ్మ డబ్బాలోంచి ఒక గింజ తెచ్చి అరచేతిలో చూపించింది. సరిగ్గా అంతే పిండాడు అప్పలసూరి. మరలు ఎదురెదురు మూలల్లో బిగించుకొచ్చి, ఆఖరిదానికి స్క్రూడ్రైవరు కోడలి చేతికిచ్చాడు.

ఒంటిగంటకు గీయడం అయింది. ఇక ఆ చట్రం బరువు ఆపుతుందో లేదో కంప్యూటరు లెక్కలు కట్టుకోవాలి, ఇంకో అరగంట. అత్తామామలూ కోడలూ ముగ్గురూ ఆ గదిలోనే అన్నాలకు కింద కూర్చున్నారు. వంకాయ, ఎండు నెత్తళ్ల పులుసు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే ఫ్యాను చప్పుడు వినిపించదని.

సగం భోజనంలో చాందిని లేచి, ఎడమచేత్తోనే డ్రాయింగు పంపేసి వచ్చింది. తన కంచంలోని నెత్తళ్లు ఏరి మావయ్య కంచంలో వేసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుకున్నాడు.