ఇంజన్‌కు కుడితి

నారాయణఖేడ్‌ల పడవ నడువంగ చూసినోడు ఒక్కడు లేడు. అసొంటి ఊరికి, లడాయి అయిపోయిన మరుసటేడు, శంకరప్ప పటేలు బొంబాయి రేవు నుంచి పడవ ఇంజన్ తెప్పిచ్చిండు. బావిల నీళ్లు తోడనీకట. నవ్వకుంట ఎట్లుంటరు జనం? "పటేలు ఇగ జొన్నచేన్ల తెడ్డేస్తడు" అన్నరు. అందరికన్న ఎక్కువ నవ్వింది బీరప్ప.

నవ్వింది గని, లోపల దడ. పటేలు బావి మీద ఇరవై ఏండ్ల సంది మోట కొట్టేది ఆయనే. ఇంజన్ నడిస్తే మోట బందు. మోట బందయితే మోట గుంజే రెండెద్దులు, మల్లడు, నల్లడు, కల్హేర్ అంగడి పాలు. "ఉగాది దాంక ఇది ఆగకుంట నడిస్తే ఎద్దులను అమ్ముడే" అని పటేలు మొఖం మీదనే చెప్పిండు. ఎద్దులు పటేలువే. సాకింది మాత్రం బీరప్ప, దూడలప్పటి సంది.

ఇంజన్ నడపనీకి ఎల్లప్ప వచ్చినంక ఆ నవ్వు గూడ ఆగిపాయె. ఎల్లప్ప ఈ ఊరోడే. లడాయికి పల్టన్ తోని సముద్రం అవతలి బస్రా పోయి, నాలుగేండ్లు పడవల ఇంజన్లు చూసి వచ్చిండు. పది మాటలు అడిగితే ఒకటి చెప్పే మనిషి, ఆ ఒక్కటి గూడ సగమే. గని ఆయన చెయ్యి చూడాలె. ఇంజన్‌కు చెవి ఆనిచ్చి, కండ్లు మూసి, ఒక్క నట్టు ఇంతంత తిప్పెటోడు. అప్పటిదాంక దగ్గుతున్న ఇంజన్ నిమ్మళమైతుండె. బీరప్ప మోట తాడు పట్టుకొని దూరం నుంచి చూసెటోడు. కుళ్లుకుందామంటే కుళ్లు వస్తలేదు, ఏం చేస్తడు? పనిమంతుణ్ణి చూస్తే పనిమంతుని పానం మురుస్తది.

అన్నిటికన్న మాపటి పని చూడాలె. పటేలు బావి నీళ్లు ఉప్పన. చేను తాగుతది, మనిషి నోట్ల పెట్టలేడు. తోడుడు అయిపోయినంక ఎల్లప్ప ఇంజన్‌ను అప్పుడే ఆపడు. అది సల్లబడనీకి తన ఒంట్లకు నీళ్లు గుంజుకునే గొట్టాన్ని బావిలకెల్లి తీసి మంచినీళ్ల పీపాయిల ముంచుతడు. ఆ మంచినీళ్లు అరకోసు దూరం నుంచి కావడితోని తానే మోసుకొస్తడు. ఇంజన్ మెల్లగ నడుసుకుంట ఆ నీళ్లు తాగి, అవతలి గొట్టంల విడుస్తది. ఎల్లప్ప దోసిలి పట్టి, ఆ నీళ్లు నాలిక మీద ఏసుకొని ఉమ్ముతడు. ఇంకో దోసిలి, మళ్ల ఉమ్ముతడు. నాలిక సరే అన్నంకనే ఇంజన్ ఆపుతడు. జరమొచ్చిన దినం గూడ ఈ పని తప్పలే.

"మనుషులకే మంచినీళ్ల కటకట, ఇనుముకు మంచినీళ్లా" అని ఊరు ఆడిపోసుకున్నది. బీరప్ప మాత్రం అనలే. ఎద్దులకు ఒళ్లు కడిగి కుడితి పెట్టనిది తాను ముద్ద ముట్టని మనిషాయె. కుడితి ఎద్దుల ముందట పెట్టే ముందు తానూ ఇంత రుచి చూస్తడు. ఎల్లప్ప చేసేది గూడ అదే అనుకున్నడు.

"వాడు నా అసొంటోడేనే" అన్నడు పెండ్లాం రుక్కమ్మతోని.

"వాని వల్ల ఎద్దులు పోతయని ఏడుస్తవ్, మళ్ల వాన్నే పొగుడుతవ్. ఏందయ్యా నీ కథ?" అన్నది రుక్కమ్మ.

ఇంతల మనూర్‌ల ఎల్లప్ప అక్కకు పానం బాగలేదని కబురొచ్చింది. మూడు దినాలు పోవాలె. ఎల్లప్ప బీరప్ప దగ్గరికే వచ్చిండు. "మామా, నువ్వు రోజు చూస్తనే ఉన్నవ్. నడుపుడు నీకొస్తది. మాపటికి మంచినీళ్లు మాత్రం మరువకు." ఎందుకో చెప్పలే. జల్దీల ఉండి పాయె.

ఆ మూడు దినాలు బీరప్ప మనసుల దొంగ ఆలోచన రాలేదంటే అబద్ధం. ఇది చెడిపోతే నా ఎద్దులు ఉంటయి గద అనుకున్నడు. అనుకొని తనకు తానే సిగ్గుపడ్డడు. నమ్మి చేతుల పెట్టి పోయిండు, నమ్మినోణ్ణి ముంచుడా? కావడి ఎత్తుకొని మంచినీళ్లు తెచ్చిండు. తెచ్చి పీపాయిల పోసినంక మనసు ఒప్పలే. పొద్దంత గుంజిన పానం, దానికి ఉట్టి నీళ్లా? ఇంటికి పోయి రెండు దోసిళ్ల గల్లుప్పు, పెద్ద బెల్లంగడ్డ తెచ్చి, ఎద్దుల కుడితిల కలిపినట్టే పీపాయిల కలిపిండు. మూడు మాపులు అట్లనే పెట్టిండు.

నాలుగో దినం పొద్దుగాల ఇంజన్ హ్యాండిల్ తిరుగలే. ఇద్దరు బలమైనోళ్లు పట్టినా తిరుగలే.

పటేలుకు కోపం నెత్తికెక్కింది. "ఎద్దుల కోసం కావాలనే చంపినవ్ బీరిగా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవ్. ఇయ్యాల్నే వాటిని అంగడికి తోలుతా." బీరప్ప పోయి ఎద్దుల పలుపులు పట్టుకున్నడు. చెప్తే ఎవడు నమ్ముతడు?

అప్పుడే ఎల్లప్ప మనూర్ నుంచి వచ్చిండు. ఇంజన్ ఒంట్లకు నీళ్లు గుంజే చిన్న పంపును ఇప్పి చూసిండు, జిగురు పట్టి బిగుసుకపోయి ఇంజన్‌ను గూడ పట్టేసింది. విడిసే గొట్టం మూతికాడ చీమల బారు. తడి వేలు గొట్టంల తిప్పి నాలిక మీద పెట్టుకున్నడు.

"బెల్లం ఏసినవా మామా?"

"ఏసిన. ఉప్పు గూడ ఏసిన. అలిసిన పానం గద" అన్నడు బీరప్ప.

ఎల్లప్ప చేతిలున్న పంపు మూత కింద పెట్టిండు. "బావి నీళ్ల ఉప్పు ఇనుమును తింటది మామా. దాన్ని కడగనీకే ఆ మంచినీళ్లు. దోసిట్ల చూసేది ఉప్పు పోయిందా లేదా అని." బీరప్పకు భూమి చీలితే పోదామనిపిచ్చింది.

ఎల్లప్ప పటేలు దిక్కు తిరిగిండు. "చంపాలనుకున్నోడు బెల్లం పెట్టడు పటేలా. తప్పు నాది. ఎందుకో చెప్పకుంట పోయిన." బస్రా నుంచి వచ్చినంక ఎల్లప్ప అంత మాట్లాడంగ ఊరు ఇనలే.

"మరి నడుస్తదా?" అన్నడు పటేలు.

"నడుస్తది. పది పీపాయిల మంచినీళ్లు కావాలె. కావడితోని కాదు, బండి కట్టాలె."

బీరప్ప మల్లణ్ణి, నల్లణ్ణి బండికి కట్టిండు. మిట్టమధ్యాహ్నం దాంక తిరిగిండు. పంపుకు పట్టిన బెల్లాన్ని ఎల్లప్ప వేడినీళ్లతోని కరిగిచ్చిండు. హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఒక్కసారి తుమ్మి అందుకున్నది. గొట్టంల నీళ్లు పడుతుంటే ఎల్లప్ప దోసిలి పట్టలే, పక్కకు జరిగిండు.

"నువ్వు చూడు మామా."

బీరప్ప దోసిలి పట్టిండు. ఉప్పు. ఉమ్మిండు. ఇంకో దోసిలి, ఇంకా ఉన్నది. పదో పీపాయి సగమైనంక నాలిక మీద ఏం లేదు. "ఇగ మంచినీళ్లే" అన్నడు. ఎల్లప్ప మళ్ల చూడలే. ఆ మాట మీదనే ఇంజన్ ఆపిండు.

"పటేలా, రోజు మాపటికి మంచినీళ్ల బండి రాకుంటే నేను ఇంజన్ ముట్ట. నా భుజం కాయ కాసింది" అన్నడు.

పటేలు ఎద్దులను చూసిండు, ఇంజన్‌ను చూసిండు, ఆఖరికి బీరప్పను చూసిండు. "ఇగ అంగడెందుకు? బండికి ఎడ్లు కావాలాయె" అని గొణుక్కుంట పాయె.

ఆ మాపు బీరప్ప ఎద్దుల కుడితిల దోసెడు ఉప్పు ఏసి, ఇంత బెల్లం చిదిమిండు. చేతికి అంటిన ఉప్పును ధోతికి రెండు సార్లు తుడుసుకొని, పోయి ఇంజన్ మీద చెయ్యేసిండు.

"నీకు వద్దు బిడ్డా. నీకు ఉట్టి నీళ్లే."